ఆర్‌ఓ మెషిన్ కింద ఆగని తడి: పుష్ ఫిట్ కనెక్టర్లతో నా అనుభవం

విశాఖపట్నంలోనే గాజువాక నుంచి ఎంవీపీ కాలనీకి ఇల్లు మారినప్పుడు ఆర్‌ఓ మెషిన్‌ని విప్పి తెచ్చి ఇక్కడ వంటింటి గోడకు బిగించారు. బిగించినతను వెళ్ళిన మర్నాటి నుంచే గట్టు మీద తడి కనిపించడం మొదలైంది. ధారగా ఏమీ కారదు. పొద్దున మెషిన్ కింద గుడ్డ పరిస్తే సాయంత్రానికి పిండేంత తడి, అంతే. పోనీలే అని ఊరుకుందామంటే ఆ నీరు గట్టు వెనక సందులోంచి కింది అరలోకి దిగుతోంది. పప్పుల డబ్బాలు పెట్టుకునే అర అది. ప్లైవుడ్ అంచు ఉబ్బి, తలుపు సరిగ్గా పడడం మానేసింది.

అతన్నే మళ్ళీ పిలిచాం. వచ్చి ఒక ఎల్బో (పైపును పక్కకి తిప్పే ఎల్ ఆకారం కనెక్టర్) మార్చాడు, తడి తగ్గలేదు. తర్వాత వచ్చి ఒక జాయింటుకు ఎం-సీల్ పెట్టాడు, మరోదానికి టెఫ్లాన్ టేపు చుట్టాడు, ఒక చోట పైపు ముక్క కొత్తది వేశాడు. తడి ఇంకో చోటికి మారింది. చివరికి "ఫిట్టింగులన్నీ పాతవైపోయాయమ్మా, సెట్టు మొత్తం మార్చేయాలి" అన్నాడు. మెషిన్ కొని అంత కాలం కాలేదు. మా ఆయన మర్చంట్ నేవీలో పని చేస్తారు, అప్పటికి ఓడ మీద ఉన్నారు. ఇంట్లో నేను, అత్తయ్య. సెట్టు మొత్తం మార్చడానికి ఒప్పుకునే ముందు, అసలు నీరు ఎక్కడి నుంచి వస్తోందో, ఏ సమయంలో వస్తోందో నేనే కూర్చుని చూడాలనుకున్నాను. మా అపార్ట్‌మెంట్‌లో దాదాపు ప్రతి ఇంట్లో ఇలాంటి మెషినే ఉంది, అందరికీ ఏదో ఒకరోజు ఈ తడి తప్పడం లేదు. అందుకే చూసినవి చూసినట్టు రాస్తున్నాను.

ఈ మెషిన్‌లో పైపుల్ని కలిపేవి పుష్ ఫిట్ కనెక్టర్లు, అంటే పైపును లోపలికి నొక్కితే పట్టుకునేవి. ముందు ఆ కనెక్టర్ లోపల ఏముంటుందో తెలియాలి. ఎం-సీల్ పెట్టిన ఎల్బో ఇక ఎలాగూ పనికిరాదు కాబట్టి దాన్ని హ్యాక్సా బ్లేడుతో నిలువునా కోశాను. మూతి దగ్గర ఒక చిన్న ప్లాస్టిక్ కాలర్. ఆ కాలర్ లోపలి కొసన సన్నటి స్టీలు పళ్ళు, అవన్నీ లోపలి వైపుకు వాలి ఉన్నాయి. పైపును లోపలికి వెళ్ళనిస్తాయి, వెనక్కి రానివ్వవు. కాలర్ దాటాక నల్లటి 'ఓ రింగు', అంటే గుండ్రటి రబ్బరు చుట్టు. దాన్ని కూడా దాటాక ఒక మెట్టు. పైపు వెళ్ళి ఆ మెట్టుకు తగిలి ఆగాలి. మర లేదు, జిగురు లేదు, అంతా ఇంతే.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. పట్టుకునేది పళ్ళు, నీటిని ఆపేది ఓ రింగు. రెండు పనులూ వేరు వేరు చోట్ల జరుగుతాయి. పైపు లాగితే రావడం లేదు కదా, గట్టిగానే బిగిసింది అనుకుంటాం. పళ్ళ దాకా వెళ్ళి ఓ రింగు దాకా చేరని పైపు కూడా లాగితే రాదు, కానీ కారుతూనే ఉంటుంది. ఇంకో విషయం, ఓ రింగు హత్తుకునేది పైపు బయటి ఒంటిని. ఆ చివరి అంగుళం నున్నగా, గుండ్రంగా, సరైన కొలతలో ఉంటేనే అది నీటిని ఆపగలదు. కనెక్టర్ని అనుమానించే ముందు ఆ చివరి అంగుళాన్ని చూడాలని అప్పుడే అర్థమైంది. పైపుకు టెఫ్లాన్ టేపు చుట్టి లోపలికి దోపడం ఎందుకు పనిచేయదో కూడా తెలిసింది. టేపు మరలకు వాడేది. ఇక్కడ అది ముడతలు పడి ఓ రింగుకీ పైపుకీ మధ్య దారులు వేస్తుంది.

లీకు వెతకడానికి మెషిన్ మూత తీసి, ప్లగ్గు పీకి, ప్రతి జాయింటునూ పొడి గుడ్డతో తుడిచాను. తర్వాత టిష్యూ పేపరును సన్నగా చింపి ఒక్కో జాయింటు చుట్టూ కట్టి, ఒక్కోదాని మీద స్కెచ్ పెన్నుతో నంబరు వేశాను. స్కెచ్ పెన్ను సిరాకి కాస్త చెమ్మ తగిలినా పాకిపోతుంది, కంటికి ఆనని తడి కూడా దానికి దొరుకుతుంది. చుక్క పుట్టిన చోట రాలదు. పైపు ఒంటి వెంట పాకి, వంపు ఎక్కడ కిందికి ఉంటే అక్కడ పడుతుంది. బాగుచేయడానికి వచ్చినతను మొదట ఎల్బో మార్చింది చుక్క రాలిన చోట. అది పుట్టింది అక్కడికి జానెడు పైన.

ఎక్కడ అన్నదాంతో పాటు ఎప్పుడు అన్నది కూడా చూడాలి. మాది అయిదంతస్తుల బిల్డింగు, మా ఫ్లాటు మూడో అంతస్తులో ఉంది. టెర్రస్ మీది ట్యాంకు మా వంటగట్టుకి దాదాపు 10 మీటర్ల ఎత్తులో ఉంటుంది. 10 మీటర్ల ఎత్తున్న నీటికి సుమారు 1 బార్, అంటే 14 పీఎస్ఐ ఒత్తిడి వస్తుంది. నీళ్ళు లోపలికి వచ్చే ఇన్‌లెట్ వాల్వు నుంచి సోలనాయిడ్ వాల్వు (కరెంటుతో తెరుచుకుని మూసుకునే వాల్వు) దాకా ఉన్న జాయింట్ల మీద ఈ ఒత్తిడి రాత్రీ పగలూ ఉంటుంది, మెషిన్ ఆపినా సరే. మోటారు దాటాక మెంబ్రేన్ (నీటిని శుద్ధి చేసే సన్నటి పొర) దగ్గర మామూలుగా 60 నుంచి 80 పీఎస్ఐ దాకా ఉంటుంది, కానీ అది ముఖ్యంగా మోటారు తిరుగుతున్నంతసేపే. కాబట్టి మోటారు ఆగి ఉన్నప్పుడు తడుస్తూనే ఉన్న జాయింటు ఇన్‌లెట్ వైపుది. తిరిగినప్పుడే తడిసేది మెంబ్రేన్ వైపుది. మెషిన్ ట్యాంకు నిండి ఉంటే మోటారు తిరగదు, అందుకని నీళ్ళన్నీ బిందెలోకి పట్టేశాం. నేను టార్చ్ వేసి చూస్తుంటే అత్తయ్య ఏ నంబరు తడిసిందో, ఎప్పుడు తడిసిందో పాల లెక్కల పుస్తకం వెనక పేజీలో రాశారు. ఆ పేజీ చూస్తే ఇది ఒక్క లీకు కాదని తెలిసిపోయింది. బయట వేలాడే ప్రీ ఫిల్టర్ (నీళ్ళు మెషిన్‌లోకి వెళ్ళే ముందు వడకట్టేది) ఇన్‌లెట్ దగ్గర ఎప్పుడూ తడి. మెంబ్రేన్ హౌసింగ్ మొదట్లో మోటారు తిరిగినప్పుడే తడి. ఇంకొకటి మెషిన్‌ని గోడకు తగిలించినప్పుడు తడిసి, గట్టు మీద పెడితే పొడిగా ఉంటోంది.

ప్రీ ఫిల్టర్‌తో మొదలుపెట్టాను. ఇన్‌లెట్ వాల్వు కట్టేసి, లోపలి ఒత్తిడి పూర్తిగా దిగనిచ్చాను. ఇది చేయకుండా పైపు లాగకూడదు. లోపల ఒత్తిడి ఉంటే అది పైపును బయటికి తోస్తుంటుంది, ఆ తోపుకి పళ్ళు ఇంకా గట్టిగా కరుచుకుంటాయి. ఒత్తిడి దిగాక కాలర్ కింద ఉండే నీలం రంగు లాక్ క్లిప్పును గోటితో పక్కకి లాగాలి. ఆ తర్వాత పైపును బయటికి లాగబోయే ముందు కాస్త లోపలికి నెట్టాలి, అప్పుడు పళ్ళ పట్టు సడలుతుంది. అలాగే నెట్టి ఉంచి, కాలర్‌ని చుట్టూ సమంగా కనెక్టర్ వైపు అదిమి పట్టి లాగితే సులువుగా వచ్చేస్తుంది. ఒక పక్కే అదిమితే రెండో పక్క పళ్ళు పైపును గీసేస్తాయి. వేళ్ళతో సమంగా రాకపోతే, పైపు మీద పట్టే చిన్న స్పానర్ నోటిని కాలర్ మీద ఆనించి నొక్కితే బాగా దిగుతుంది.

బయటికి వచ్చిన కొసను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురులో తిప్పి చూశాను. కత్తెరతో కోశారని చూడగానే తెలుస్తోంది. కోత ఏటవాలుగా ఉంది. ఒక వైపు అంచు మెట్టుకు తగిలి ఉంటుంది, రెండో వైపు ఓ రింగును అంతంతమాత్రంగా దాటి ఉంటుంది. కత్తెర నొక్కుడుకి పైపు గుండ్రం పోయి కోలగా నలిగింది. అన్నింటికన్నా ముఖ్యం, కొస నుంచి అర అంగుళం దాకా ఒంటి మీద నిలువు గీతలు. పాత ఇంట్లో విప్పేటప్పుడు కాలర్ నొక్కకుండా బలంగా పీకేస్తే పళ్ళు గీసిన గీతలు అవి. గోటితో అడ్డంగా తడిమితే గోరు ఆగి ఆగి వెళ్తోంది. గోరు ఆగే ఆ గాడిలోంచే నీరు ఓ రింగు కిందుగా జారిపోతుంది. అలాంటి కొస మీద కొత్త ఎల్బోలు ఎన్ని మార్చినా ఉపయోగం లేదు.

పైపు కాస్త పొడవు మిగిలే ఉంది కాబట్టి గీతలు దాటేలా ఓ రెండు సెంటీమీటర్లు కోసేశాను. దీనికి చిన్న పైపు కట్టర్ దొరుకుతుంది, ఉంటే మంచిది. నేను కొత్త కట్టర్ బ్లేడు వేసుకుని, పైపును చెక్క పీట మీద దొర్లిస్తూ చుట్టూ గాటు పెట్టి కోశాను. ఒక్కసారిగా పై నుంచి నొక్కి కోస్తే మళ్ళీ నలుగుతుంది. కోసిన ముఖాన్ని గచ్చు మీద నిలువుగా ఆనిస్తే ఏ పక్కా సందు కనబడకూడదు. అంచున మిగిలే సన్నటి పొర్లు కూడా గోటితో తీసేయాలి, లేకపోతే లోపలికి వెళ్తూ వెళ్తూ ఓ రింగుని గీరేస్తాయి. పైపు చుట్ట చుట్టి ఉన్నప్పటి వంపు కొసలో మిగిలి ఉంటే కాసేపు వేడి నీళ్ళలో ముంచి చేత్తో తిన్నగా సాగదీయాలి.

పెట్టడానికి ముందు, కోసిన పాత ఎల్బోలో మూతి నుంచి మెట్టు దాకా లోతు స్కేలుతో కొలిచాను. 15 మిల్లీమీటర్ల పైచిలుకు వచ్చింది. కంపెనీని బట్టి ఇది కాస్త మారుతుంది, అందుకే ఎవరి కనెక్టర్ వాళ్ళు కొలుచుకోవాలి. అంతే దూరంలో పైపు మీద మార్కర్‌తో గీత పెట్టాను. నేను పైపు తడుపుతుంటే చూసి అత్తయ్య కొబ్బరి నూనె సీసా తెచ్చారు.

"కొంచెం రాస్తే జారుతుంది కదమ్మాయ్."

"వద్దత్తయ్యా, తాగే నీళ్ళు కదా. పైగా నూనె తగిలితే కొన్ని రబ్బర్లు ఉబ్బిపోతాయి. నీళ్ళు చాలు."

తడి కొసను తిన్నగా పట్టి తోశాను. మొదట పళ్ళ దగ్గర చిన్నగా పట్టేసినట్టు ఆగింది. చాలామంది ఇక్కడే ఆపేస్తారు, లాగితే రాదు కాబట్టి అయిపోయిందనుకుంటారు. ఇంకా తోస్తే రెండోసారి ఆగుతుంది, ఈసారి మెత్తగా. అది ఓ రింగు. అక్కడ వేళ్ళకి కొంచెం బలం ఇచ్చి నెడితే ఒక్కసారిగా జారి, లోపల మెట్టుకు టక్కున తగులుతుంది. ఆ తగలడం వేళ్ళకి స్పష్టంగా తెలుస్తుంది. గీత వచ్చి కాలర్ అంచు దగ్గర నిలబడింది. తర్వాత పైపును వెనక్కి గుంజి చూస్తే కాలర్ ఒక మిల్లీమీటరంత బయటికి వచ్చి ఆగింది. లాక్ క్లిప్పు పడాల్సింది ఆ సందులోనే. వాల్వు తెరిచి కొత్త టిష్యూ కట్టాను. పొడిగానే ఉంది. కనెక్టర్ పాతదే.

మెంబ్రేన్ దగ్గరిది మాత్రం నన్ను బాగా టెన్షన్ పెట్టింది. టెఫ్లాన్ టేపు తీసేశాను. పైపు కొస చూస్తే కొత్తగా ఉంది, గీతలు లేవు. అయినా మళ్ళీ తిన్నగా కోసి, గీత పెట్టి, మెట్టు తగిలేదాకా తోశాను. మోటారు తిప్పితే కాసేపటికే టిష్యూ మీద సిరా పాకింది. ఎల్బోనే మార్చేద్దామని పూర్ణా మార్కెట్ వైపు ఒక షాపుకి వెళ్ళాను, పాత ఎల్బోని సంచిలో వేసుకుని. మరవైపు సైజుల్లో తేడాలుంటాయి, నోటితో చెప్పడం కంటే చూపించడం మేలు.

"ఏటి కావాలమ్మా?" అన్నాడు షాపాయన. చూపించాను. ఒక డబ్బాలోంచి తీసి ఇచ్చినదాన్ని వెలుతురుకి పెట్టి కాలర్ లోపలికి చూశాను. స్టీలు పళ్ళ మీద గోధుమరంగు చుక్కలు.

"దీనికి తుప్పు మరకలున్నాయండీ."

"ఈ సముద్రం గాలికి ఏదీ ఆగదమ్మా, డబ్బా మూత తీసుంటే అంతే. ఉండండి, కొత్త ప్యాకెట్ విప్పుతాను." విప్పి ఇచ్చినవి శుభ్రంగా ఉన్నాయి. 20, 30 రూపాయల వస్తువే గానీ లోపలికి చూసి కొనాలి. ఓ రింగు తిన్నగా కూర్చుందో లేదో, కాలర్ వేలితో నొక్కితే లోపలికి వెళ్ళి తిరిగొస్తోందో లేదో అక్కడే చూసుకోవచ్చు.

కొత్త ఎల్బో వేశాను. కాసేపటికి అదే చోట మళ్ళీ తడి.

మోటారు ఇలా ఆన్ చేస్తూ ఆఫ్ చేస్తూ ఉంటే కింది ఫ్లాటు బాబాయిగారు పైకి వచ్చారు. షిప్‌యార్డ్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరైన మనిషి. "ఏటమ్మా, పొద్దుట్నించీ మోటారు ఆగుతోంది, తిరుగుతోంది?" అన్నారు. విషయం చెప్పాను. ఆయన ఎల్బో వైపు చూడనే లేదు. పైపును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి దొర్లించారు, పక్కనున్న ఇంకో పైపును కూడా అలాగే దొర్లించారు.

"ఈ రెండూ ఒకటి కాదమ్మా. ఉండు, మందం కొలిచే వెర్నియర్ తెస్తాను."

తెచ్చి కొలిచారు. మెషిన్‌తో వచ్చిన పైపు 6.35కి దగ్గరగా చూపించింది. తర్వాత వేసిన ముక్క సరిగ్గా 6. వర్క్‌షాపుల్లో గాలితో నడిచే మెషిన్లకి 6, 8, 10 మిల్లీమీటర్ల పైపులు వాడతారని, వాటికీ ఇలా నొక్కి పెట్టే కనెక్టర్లే ఉంటాయని బాబాయిగారు చెప్పారు. చూపుకి రెండూ ఒకటే. ఆర్‌ఓలో తిరిగేది మాత్రం పావు అంగుళం పైపు, అంటే 6.35 మిల్లీమీటర్లు. తేడా 0.35 మిల్లీమీటరు, నోటు పుస్తకంలో మూడు నాలుగు కాగితాల మందం. ఆ మాత్రం తేడా ఉన్నా పళ్ళు పట్టేసుకుంటాయి, తక్కువ ఒత్తిడిలో ఓ రింగు కూడా ఎలాగో ఆపేస్తుంది. 60 పీఎస్ఐ దాటేసరికి ఆపలేదు. మోటారు తిరిగినప్పుడే ఎందుకు కారుతోందో, ఎల్బో మార్చినా ఎందుకు ఆగలేదో అప్పుడు తేలింది. ఆ ముక్క ఆ చోట ఉన్నంతకాలం ఎన్ని ఎల్బోలు మార్చినా కారుతుంది.

నాకు కోపం వచ్చింది లీకు గురించి కాదు. గాలి కోసం చేసిన పైపును తాగేనీటికి వాడొచ్చా లేదా అని వేసినతను ఒక్క క్షణం ఆలోచించలేదు. ఇంట్లో పెద్దావిడ తాగే నీళ్ళు అందులోంచే వస్తున్నాయి. మంచి ఆర్‌ఓ పైపు మీద కొలత అచ్చువేసి ఉంటుంది, తాగునీటికి పనికొస్తుందన్న గుర్తు కూడా ఉంటుంది. ముక్కలుగా కోసి అమ్మే పైపు అయితే అచ్చు ఉన్న భాగం చూపించమని అడగాలి. సంచిలోంచి తీసి వేసేస్తామంటే, ఏం పైపు అని అడగడానికి మొహమాటపడక్కర్లేదు. ఆ సాయంత్రమే అచ్చు ఉన్న పావు అంగుళం పైపు తెచ్చి వేశాను. మెంబ్రేన్ దగ్గర తడి ఆగింది.

గోడకు తగిలిస్తే కారేదాని సంగతి దాని పక్కన నిలబడి చూస్తేనే తెలిసింది. మెషిన్ వెనక నుంచి పైపు తిన్నగా బయటికి వస్తుంది. గోడకీ మెషిన్‌కీ మధ్య రెండు వేళ్ళు పట్టే సందు. తగిలించగానే పైపు గోడకి కొట్టుకుని, కనెక్టర్ మూతిలోనే పక్కకి వంగుతోంది. ఒక వైపు ఓ రింగు బాగా నలిగి, రెండో వైపు వదులైపోతోంది. మూత తీసి గట్టు మీద పెట్టి చూసినవాళ్ళకి ఎప్పటికీ ఈ లీకు దొరకదు. అక్కడ తిన్నటి కనెక్టర్ తీసి ఎల్బో పెట్టి, పైపును గోడ వెంట కిందికి దించాను. కనెక్టర్ నుంచి బయటికి వచ్చాక కనీసం ఒక అంగుళం తిన్నగా పోయి, తర్వాత పెద్ద వంపు తిరగాలి. పైపు ఆదా చేద్దామని బిగించి కట్టడం వల్ల వచ్చే లీకులు చాలా ఉంటాయని బాబాయిగారు కూడా అన్నారు. కొంచెం వదులుగా చుట్ట వదిలితే, రేపు కొస మళ్ళీ కోయాల్సి వచ్చినా పైపు మిగులుతుంది.

ఇక ఒక లీకు టిష్యూకి దొరకలేదు, ఎందుకంటే అది నీటిని బయటికి వదలదు, గాలిని లోపలికి పీలుస్తుంది. మోటారు మొదటి నుంచీ గరగరమని శబ్దం చేస్తూనే ఉంది, నీళ్ళు పట్టుకుంటే గ్లాసులో తెల్లగా మసగ్గా కనిపించి కాసేపటికి తేటపడేవి. మోటారే పాడవుతోందేమో అనుకునేవాళ్ళం. మోటారుకి ముందు ఉండే పైపులో నీటిని అది లాక్కుంటుంది. ఫిల్టర్లు కాస్త మూసుకుపోయినా, పై నుంచి వచ్చే నీరు చాలకపోయినా ఆ ముక్కలో ఒత్తిడి బయటి గాలి కంటే తగ్గిపోతుంది. అప్పుడు సరిగ్గా పడని జాయింటు గాలి లాక్కుంటుంది. వంటింట్లో లైటు ఆపేసి, మొబైల్ టార్చ్‌ను ఆ పైపు వెనక పెట్టాను. తెల్లటి పైపులోంచి వెలుతురు వస్తుంది కాబట్టి లోపల సన్నటి బుడగలు వరసగా మోటారు వైపు పరిగెత్తడం కనిపించింది. మోటారు తిరుగుతుండగానే ఒక్కో జాయింటు మీద వేలితో నీటి చుక్కలు వేసుకుంటూ వెళ్ళాను. కార్బన్ ఫిల్టర్ తర్వాతి ఎల్బో దగ్గర చుక్క వేయగానే లోపలికి పోయింది, బుడగలు ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలయ్యాయి. అక్కడ కొస మొదటి పట్టు దగ్గరే ఆగిపోయి ఉంది, ఓ రింగు దాకా వెళ్ళనే లేదు. కోసి పూర్తిగా తోశాక గరగర పోయింది. నాకు ఈ మొత్తం పనిలో బాగా సంతోషం కలిగింది ఇక్కడే. మోటారు మార్చడానికి వేలల్లో చెప్పేవాళ్ళు.

అన్నీ అయ్యాక ఇన్‌లెట్ వాల్వును ఒక్కసారిగా కాకుండా మెల్లగా తెరిచి, ట్యాంకు ఖాళీ చేసి మోటారు తిప్పి, మళ్ళీ ఆగాక రాత్రంతా టిష్యూలు అలాగే వదిలేశాను. తెల్లారి అన్ని నంబర్లూ చదవడానికి వస్తున్నాయి. ఇన్‌లెట్ అడాప్టర్ దగ్గర మాత్రం మరలోంచి కాస్త చెమ్మ, దానికి టెఫ్లాన్ టేపే సరైన మందు, చుట్టి బిగిస్తే పోయింది. కింది అరలో ఉబ్బిన ప్లైవుడ్ ముక్కను వడ్రంగి కోసి మార్చాడు.

పక్క ఫ్లాటు పిన్నిగారు ఇది విని వాళ్ళ మెషిన్ చూడమన్నారు. వాళ్ళకి మెంబ్రేన్ చుట్టూ ఉన్న జాయింట్లన్నీ ఒక్కసారే కారడం మొదలయ్యాయట. కొసలు విప్పి చూస్తే అన్నీ నున్నగా, తిన్నగా ఉన్నాయి. అన్నీ ఒకేసారి చెడిపోవు కదా అని వేస్ట్ వాటర్ పైపు కింద మగ్గు పెట్టి మోటారు తిప్పాం. మగ్గులో దాదాపు నీళ్ళే లేవు. ఎండాకాలంలో వాళ్ళు బోరు నీళ్ళే ఎక్కువ వాడారు. ఆ పైపులో ఉండే ఫ్లో రిస్ట్రిక్టర్ (వేస్ట్ నీటిని కొద్దికొద్దిగానే పోనిచ్చే చిన్న ముక్క) సున్నంతో మూసుకుపోయింది. బయటికి పోవాల్సిన నీరు పోక మెంబ్రేన్ దగ్గర ఒత్తిడి పెరిగి, దొరికిన ప్రతి జాయింటు నుంచీ తోసుకొస్తోంది. అక్కడ ఎల్బోలు మార్చి ఉంటే కొత్త ఎల్బోలు కూడా కారేవి. మెంబ్రేన్ ఎంత కెపాసిటీదో చూసి దానికి సరిపడే రిస్ట్రిక్టర్ తెచ్చి వేశాం, వేస్ట్ నీరు మళ్ళీ ధారగా వచ్చింది, జాయింట్లు ఆరిపోయాయి. ఒక్కటి మాత్రం ఇంకా చెమర్చింది, దాని ఓ రింగు ఆ ఒత్తిడికి పక్కకి తోసుకుపోయింది, ఆ ఎల్బో మార్చాం. ఇప్పుడు పిన్నిగారు ఆ వేస్ట్ నీళ్ళు బాల్కనీ తుడవడానికి బకెట్‌లో పడుతున్నారు. రోజూ నిండే సమయానికి బకెట్ నిండకపోతే రిస్ట్రిక్టర్ చూడాలని, నాకు ఫోన్ చేయమని చెప్పాను.